చతురంగ సంకలితం: ఒక సంఖ్య, ఒక చంపకమాల, పాఠనిర్ణయం

తెలుగులో తొలి శాస్త్రగ్రంథంగా పేరొందిన పావులూరి మల్లన గణితాన్ని గురించి రాసేవారు తరచుగా ఒక చంపకమాలను ఉదాహరిస్తారు. చతురంగపు బల్ల మొదటి గడిలో ఒకటి, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇలా గడిగడికీ రెట్టిస్తూ అరవైనాలుగు గళ్ళూ నింపితే మొత్తం ఎంత అవుతుందన్న ప్రశ్నకు ఆ పద్యం సమాధానం. ఆ మొత్తం 18446744073709551615. మన పద్ధతిలో విరామచిహ్నాలు పెట్టి రాస్తే 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల సంఖ్య.

ఈ పద్యాన్ని పరిచయం చేసేటప్పుడు చదరంగాన్ని కనిపెట్టినవాడి కథ, ధాన్యం కోరిక, రాజుగారి గాదెలు ఖాళీ కావడం చెప్పి, అంత పెద్ద సంఖ్యను పద్యంలో ఇమిడ్చినందుకు కవిని మెచ్చుకొని ముగించడం పరిపాటి. మెప్పు సరైనదే. కానీ దానితో పద్యాన్ని చదివినట్టు కాదు. పద్యంలో రాజూ లేడు, ధాన్యమూ లేదు. ఉన్నవి అంకెలను సూచించే పదాలు, వాటి వెంట ఇది చతురంగ గృహాల రెట్టింపుల సంకలితమని చెప్పే వాక్యం. ఈ ఇరవై అంకెలలో ఒక్కటి మారినా పద్యం అబద్ధమవుతుంది. కావ్యంలో పాఠాంతరం రసాన్ని కొంచెం మార్చవచ్చు, ఇక్కడ మాత్రం చెప్పదలచిన విషయాన్నే చంపేస్తుంది. కాబట్టి అడగవలసిన ప్రశ్న: లేఖకుల చేతుల మీదుగా, పాఠకుల నోళ్ళ మీదుగా వచ్చే పద్యంలో ఈ అంకెలకు రక్షణ ఏది? కొన్ని అంకెలను యతిప్రాసలు కాపాడుతున్నాయనీ, మిగిలినవాటిని ఆ సంఖ్యకున్న గణితధర్మాలే కాపాడగలవనీ, శాస్త్రపద్య పరిష్కర్తకు ఈ రెండు విద్యలూ అవసరమనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

మల్లన గ్రంథానికి మూలం మహావీరాచార్యుని గణితసారసంగ్రహం. రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, సుమారు క్రీ.శ. 850లో వెలసిన సంస్కృత గ్రంథమది. ఎం. రంగాచార్య ఆంగ్లానువాదంతో 1912లో మద్రాసులో అచ్చయింది. మల్లన కాలంపై అభిప్రాయభేదం ఉంది. రాజరాజనరేంద్రుని సమకాలికుడని ఒక పక్షం, ఆ తరువాతి తరంవాడని మరొక పక్షం. ఈ వాదంలో ఏ పక్షం నెగ్గినా ప్రస్తుత చర్చకు తేడా రాదు.

స్థానాల పేర్లు, అంకెల పేర్లు

ఇంత పెద్ద సంఖ్యను మాటలలో చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి స్థానాల పేర్లు వాడటం: ఏకం, దశకం, శతం, సహస్రం అంటూ పైకి పోవడం. శ్రీధరాచార్యుని వంటి గణకులు ఇచ్చిన పట్టిక పరార్ధంతో, అంటే పద్దెనిమిదవ స్థానంతో ఆగిపోతుంది. చతురంగ సంకలితానికి ఇరవై స్థానాలు కావాలి. కాబట్టి ఆ పట్టికతో ఈ సంఖ్యను పలకడం కుదరదు. మహావీరుడు పట్టికను మహాక్షోభం వరకు ఇరవైనాలుగు స్థానాలకు పెంచాడు. ఆయన లెక్కలో ఇరవయ్యవ స్థానం మహాశంఖం. కాబట్టి మన సంఖ్య ఒక మహాశంఖం, ఎనిమిది శంఖాలు, నాలుగు మహాక్షోణులు అంటూ మొదలవుతుంది. మల్లన ఆ పట్టికను ముప్పైఆరు స్థానాల దాకా పొడిగించాడు. పేర్లకు కొరత లేని గ్రంథంలోనే కవి ఈ సంఖ్యకు స్థానాల పేర్లు వాడలేదన్నది గమనార్హం.

ఆయన పట్టింది రెండవ దారి, భూతసంఖ్య. లోకంలో ఒక లెక్కకు ప్రసిద్ధమైన వస్తువు పేరు ఆ అంకెకు పేరవుతుంది. చంద్రుడు ఒకటి, అగ్ని మూడు, వేదం నాలుగు, బాణం అయిదు, పర్వతం ఏడు, ఏనుగు ఎనిమిది, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడుస్తూ చదవాలి. స్థానాన్ని పేరుపెట్టి చెప్పనక్కరలేదు, వరుసే స్థానం. సున్నకు కూడా మాట ఉండటం వల్ల ఖాళీ స్థానం జారిపోదు. అన్నిటికంటె కవికి పనికొచ్చేది మరొకటి: ఒక్కో అంకెకు పదిపదిహేను పర్యాయపదాలు దొరుకుతాయి. గురులఘువుల కొలతకు తగినదాన్ని ఏరుకోవచ్చు.

మన పద్యంలో ఈ ఏరుకోవడం ఎలా సాగిందో అంకెలవారీగా చూడవచ్చు. సంఖ్యలో నాలుగు నాలుగుసార్లు వస్తుంది. దానికి అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య అని నాలుగు వేర్వేరు మాటలు. ఏడు మూడుసార్లు వస్తుంది: నగ, భూధర, గిరి. ఒకటి మూడుసార్లు: శశి, చంద్ర, తుహినాంశు. సున్న రెండుసార్లు: వియత్తు, గగనం. ఆరు రెండుసార్లు: షట్క, తర్క. మూడు, ఎనిమిది, తొమ్మిది ఒక్కొక్కసారే: అగ్ని, కుంజర, రంధ్ర. రెండు అసలు లేదు. అయిదు మూడుసార్లు రాగా రెండు చోట్ల శర, ఒకచోట సాయక. అంటే ఇరవై అంకెలలో రెండుసార్లు వాడబడిన మాట 'శర' ఒక్కటే. సంఖ్యను అప్పజెప్పడమే లక్ష్యమైతే ఇంత వైవిధ్యం అవసరం లేదు. ఈ వైవిధ్యానికి కారణం ఛందస్సులో ఉంది.

యతిప్రాసల కాపలా

చంపకమాల పాదానికి ఇరవైఒక్క అక్షరాలు, గణాలు న జ భ జ జ జ ర, యతి పదకొండవ అక్షరం మీద. పద్యం మొత్తం 84 అక్షరాలైతే సంఖ్య మొదటి రెండు పాదాలనూ పూర్తిగా ఆక్రమించి, మూడవ పాదంలో ఆరవ అక్షరంతో ముగుస్తుంది. అంటే ఇరవై అంకెలు నలభైఎనిమిది అక్షరాలలో ఇమిడాయి. మిగిలిన భాగం ఆ సంఖ్య దేనిదో చెబుతుంది. అక్కడ శాస్త్రపరిభాషగా 'సంకలితం' ఉన్నా, అసలు క్రియను పట్టి చూపే మాట మాత్రం అచ్చతెలుగు 'రెట్టి'.

ప్రాసాక్షరం రేఫ. మొదటి పాదం 'శర' అనే మాటతో మొదలవుతుంది కాబట్టి ప్రాస అక్కడే స్థిరపడింది. చతురంగ సంకలితంలో ఒకట్ల స్థానం అయిదు కావడం వల్ల, ఎడమవైపు నడకలో ఆ అయిదే పద్యానికి తొలిమాట అయింది. ఆ తొలిమాటే ప్రాసను శాసించింది. రెండవ పాదం సరిగ్గా పదకొండవ అంకె దగ్గర విరగాలి. ఆ అంకె ఏడు. నగ, గిరి, అద్రి, అచల అని ఏడుకు ఎన్ని మాటలున్నా, పాదాంతంలో ఒక గురువు ఆగి, తరువాతి పాదం రెండవ అక్షరం రేఫ కావాలంటే 'భూధర' వంటిదే కావాలి: 'భూ' పై పాదంలో, 'ధర' కింది పాదంలో. మూడవ పాదం దగ్గరా ఇదే ఉపాయం. అంకె ఎనిమిది. గజ, కరి, నాగ, వసు కుదరవు. 'కుంజర' కుదురుతుంది: 'కుం' పైన, 'జర' కింద. రెండు పాదాంతాలలో రెండు మాటలను సరిగ్గా రేఫకు ముందరి హల్లు దగ్గర విరిచిన ఈ పని యాదృచ్ఛికం కాదు.

యతి చూద్దాం. మొదటి పాదంలో శకారానికి పదకొండవ అక్షరం సకారం: 'సాయక'. బాణ, ఇషు, భూత అన్నవి అయిదుకే చెందినా ఇక్కడ నిలవవు. రెండవ పాదంలో ధకారానికి తకారం, వర్గయతి: 'తర్క'. ఆరుకు రస, ఋతు, అంగ, షట్క ఏవీ ఇక్కడ యతి కుదిర్చేవి కావు. 'దర్శన' యతికి సరిపోతుంది కాని ఒక అక్షరం ఎక్కువ. మూడవ పాదంలో యతిస్థానం వచ్చేసరికి సంఖ్య అయిపోయింది.

లెక్క తేలింది. ప్రాస మూడు అంకెలను (ఒకట్ల స్థానపు అయిదు, పదకొండవ స్థానపు ఏడు, పందొమ్మిదవ స్థానపు ఎనిమిది), యతి రెండు అంకెలను (ఆరవ స్థానపు అయిదు, పదహారవ స్థానపు ఆరు) కాపాడుతున్నాయి. ఈ అయిదింటిలో వేరొక అంకెను చొప్పించబోతే పద్యం కుంటుతుంది, చెవి ఉన్న పాఠకుడు వెంటనే పట్టుకుంటాడు. మిగిలిన పదిహేను అంకెలకు గురులఘు క్రమం ఒక్కటే ఆసరా. అది కొన్నిసార్లు చాలుతుంది. మొదటి పాదంలో 'నగ' అనే ఏడును లేఖకుడు దీర్ఘమిచ్చి 'నాగ' అని రాశాడనుకుందాం. అర్థం ఏడు నుంచి ఎనిమిదికి మారుతుంది. కాని అది పద్దెనిమిదవ అక్షరం, అక్కడ లఘువు ఉండాలి, గురువు వచ్చి జగణం చెడుతుంది. ఛందస్సు దొంగను పట్టింది.

అయితే దాని పక్కనే ఉన్న 'అగ్ని' సంగతి వేరు. నగ శబ్దంతో సవర్ణదీర్ఘసంధి పొందిన ఆ మాట స్థానంలో 'అబ్ధి' అని పడితే అక్షరాల కొలతలో వెంట్రుకవాసి తేడా ఉండదు. మూడు నాలుగవుతుంది, పద్యం మాత్రం నిక్షేపంగా నడుస్తుంది. రెండవ పాదంలో 'గిరి'కి బదులు 'కరి' వచ్చినా అంతే: ఒక్క హల్లు మారింది, ఏడు ఎనిమిదయింది, రెండు లఘువులు రెండు లఘువులుగానే ఉన్నాయి. ఈ చోట్ల ఛందస్సు గుడ్డిది.

మాటకు రెండు విలువలు

లేఖకదోషం లేకపోయినా మరో ప్రమాదం ఉంది. భూతసంఖ్యలో కొన్ని మాటలకు ఒకటికంటె ఎక్కువ విలువలున్నాయి. సముద్రం సంప్రదాయ గణకులకు నాలుగు, పురాణాలు చదివినవారికి ఏడు. మన పద్యంలో అబ్ధి, పయోనిధి రెండూ సముద్రాలే. 'రంధ్ర' శబ్దం మరీ చిక్కు. శరీరంలోని నవరంధ్రాలను బట్టి తొమ్మిది, బోలుతనాన్ని బట్టి సున్న కూడా. రెండు వాడుకలూ గణితగ్రంథాలలో కనిపిస్తాయి.

సముద్రం విషయంలో మల్లనతో ముడిపెట్టి చెప్పే రాజు శాసనమే సాక్ష్యమిస్తుంది. రాజరాజనరేంద్రుని కోరుమిల్లి శాసనంలోని పట్టాభిషేక శ్లోకం శకవర్షాన్ని వేద, అంబురాశి, నిధి శబ్దాలతో చెబుతుంది: నాలుగు, నాలుగు, తొమ్మిది. ఎడమకు చదివితే శక 944. అంబురాశిని ఏడుగా తీసుకుంటే 974 అయి పట్టాభిషేకం ముప్పై ఏళ్ళు వెనక్కు జరుగుతుంది. శాసనపరిశోధకులు ఈ సందేహాన్ని నిఘంటువుతో తీర్చలేదు. అదే శ్లోకంలో సింహరాశిలో సూర్యుడు, కృష్ణ విదియ, ఉత్తరాభాద్ర నక్షత్రం, గురువారం అని ఉంది. ఆ లెక్కకు సరిపడే తేదీ క్రీ.శ. 1022 ఆగస్టు 16. వారం వచ్చి సంవత్సరానికి సాక్షిగా నిలబడింది.

చతురంగ పద్యంలో వారం లేదు, తిథి లేదు. కాని సంఖ్య ఏ విధంగా పుట్టిందో పద్యమే చెప్పింది కనుక ఆ పుట్టుకలోనే సాక్షులున్నారు. మన గణకులకు తెలిసిన సాధనం చాలు. గుణకార భాగహారాల ఫలితాన్ని తొమ్మిదితో శేషం చూసి సరిపోల్చే విధానాన్ని రెండవ ఆర్యభటుడు మహాసిద్ధాంతంలో చెప్పాడు. తొమ్మిదే కానక్కరలేదు, ఇష్టమైన ఏ సంఖ్యతోనైనా శేషం చూడవచ్చని నారాయణ పండితుడు 1356నాటి గణితకౌముదిలో విస్తరించాడు.

రెండును వరుసగా రెట్టిస్తూ తొమ్మిదితో భాగిస్తే శేషాలు 2, 4, 8, 7, 5, 1 అని ఆరేసి చొప్పున తిరిగివస్తాయి. అరవైనాలుగవది ఆ వరుసలో నాలుగవది, అంటే 7. ఒకటి తీసివేస్తే 6. కాబట్టి మన సంఖ్యకు తొమ్మిదితో శేషం ఆరు కావాలి. పద్యంలోని ఇరవై అంకెల మొత్తం 87, ఎనిమిదీ ఏడూ పదిహేను, ఒకటీ అయిదూ ఆరు. సరిపోయింది. ఇప్పుడు 'అగ్ని'ని 'అబ్ధి' చేసి చూడండి: మొత్తం 88, శేషం ఏడు. 'గిరి'ని 'కరి' చేసినా అదే. ఛందస్సుకు కనపడని రెండు దొంగతనాలనూ తొమ్మిది పట్టుకుంది. రెండు సముద్రాలనూ ఏడేసిగా తీసుకుంటే మొత్తం 93, శేషం మూడు. అదీ చెల్లదు. ఈ పద్యంలో సముద్రం నాలుగే అనడానికి ఇంతకంటె గట్టి ప్రమాణం అవసరం లేదు.

'రంధ్ర' దగ్గర మాత్రం తొమ్మిది శేషం నోరు మూసుకుంటుంది. ఆ మాట తొమ్మిదైనా సున్నయైనా తొమ్మిదితో శేషం మారదు కదా. ఛందస్సుకూ ఈ విషయం పట్టదు, ఎందుకంటే మాట ఒక్కటే. ఉభయభ్రష్టమైన ఈ చోట పదకొండును పిలవాలి. రెండు ఘాతాలకు పదకొండుతో శేషాలు పదేసి చొప్పున తిరుగుతాయి. అరవైనాలుగవ ఘాతానికి శేషం 5, ఒకటి తీస్తే 4. ఒకట్ల నుంచి అంకెలను ఒకటి కలుపుతూ ఒకటి తీస్తూ పోతే 37 వస్తుంది, దానిని పదకొండుతో భాగిస్తే శేషం 4. రంధ్రం ఏడవ స్థానంలో, అంటే కలిపే వరుసలో ఉంది. దానిని సున్న చేస్తే 37 కాస్తా 28 అయి శేషం 6 వస్తుంది. కాబట్టి ఇక్కడ రంధ్రం తొమ్మిదే. తొమ్మిది, పదకొండు రెండింటినీ కలిపి ప్రయోగిస్తే ఏ ఒక్క అంకె తప్పినా తప్పకుండా బయటపడుతుంది. రెండు మూడు అంకెలు కలిసి తప్పితే ఒకదాని లోటును మరొకటి పూడ్చే అవకాశం లేకపోలేదు. అప్పుడు లెక్కను మొదటినుంచి వేసుకోవడమే శరణ్యం.

లెక్క వేసే దారి

మొదటినుంచి వేయడం అనుకున్నంత కష్టం కాదు. అరవైనాలుగుసార్లు రెట్టించి, అరవైనాలుగు సంఖ్యలను కూడనక్కరలేదు. పింగళుని ఛందశ్శాస్త్రం ఎనిమిదవ అధ్యాయంలో, ఇన్ని అక్షరాల ఛందస్సుకు వృత్తాలెన్ని అనే ప్రశ్నకు చెప్పిన ఉపాయం ఇక్కడ పనికివస్తుంది. అక్షరసంఖ్య సరి అయితే సగం చేయాలి, బేసి అయితే ఒకటి తీయాలి. తిరుగుదారిలో సగం చేసిన చోట వర్గం, ఒకటి తీసిన చోట రెట్టింపు. అరవైనాలుగును ఆరుసార్లు సగం చేస్తే ఒకటి మిగులుతుంది. కాబట్టి ఒక రెట్టింపు, ఆరు వర్గాలు: 2, 4, 16, 256, 65536, 4294967296, చివరకు 18446744073709551616. శ్రేఢి మొత్తం దీనికంటె ఒకటి తక్కువ. గుణోత్తర శ్రేఢి సంకలితానికి మహావీరుడిచ్చిన సూత్రం కూడా ఈ ఒకటిని తీసివేయమనే చెబుతుంది.

ఇదే సంఖ్యను క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్ బిరూనీ తన కాలగణన గ్రంథంలో నిర్ణయించాడు. ఆయన వాడిన కీలకమూ వర్గమే: ఒక గడిలోని సంఖ్యను వర్గం చేస్తే, మొదటి గడి నుంచి ఆ గడి ఎంత దూరమో అంతే దూరం ముందున్న గడిలోని సంఖ్య వస్తుంది. అయిదవ గడిలోని 16ను వర్గం చేస్తే తొమ్మిదవ గడిలోని 256. కథలో రాజుకూ జ్ఞానికీ పేర్లు పెట్టి చెప్పిన ఇబ్న్ ఖల్లికాన్ పదమూడవ శతాబ్దివాడు. సమాధానం ఒక్కటే కాబట్టి ఒకరి నుంచి ఒకరు తీసుకున్నారని ఊహించడం తేలిక, కాని తర్కం కాదు. లెక్క సరిగా వేసిన ప్రతివాడికీ అదే సంఖ్య వస్తుంది. తప్పు ఒకటై ఉంటే అరువు నిరూపణ అయ్యేది.

సంఖ్య ఏ జాతిది?

ఒకటి తక్కువైన వర్గాన్ని రెండు భాగాలుగా విడదీయవచ్చు. ఒక సంఖ్య వర్గం నుంచి ఒకటి తీస్తే వచ్చేది, దానికి ఒకటి తక్కువైన సంఖ్యనూ ఒకటి ఎక్కువైన సంఖ్యనూ గుణించగా వచ్చే లబ్ధమే. ఈ సూత్రాన్ని పై ఆరు మెట్ల మీదా కిందికి దిగుతూ ప్రయోగిస్తే మన సంఖ్య ఆరు ముక్కలవుతుంది: 3, 5, 17, 257, 65537, 4294967297. పింగళుని మెట్లలో చివరిది తప్ప ప్రతి మెట్టుకూ ఒకటి కలిపితే వచ్చేవి ఇవే. పదిహేడవ శతాబ్దంలో ఫెర్మా ఈ రూపంలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని నమ్మాడు. మొదటి అయిదూ నిజంగా ప్రధాన సంఖ్యలు. ఆరవదానిని ఆయిలర్ 1732లో 641 × 6700417 అని విడగొట్టి ఆ నమ్మకాన్ని వమ్ముచేశాడు. ఆ కారణాంకం గుడ్డిగా దొరికేది కాదు. ఈ ఆరవ ముక్కకు కారణాంకమయ్యే ఏ ప్రధాన సంఖ్య నుంచి ఒకటి తీసినా మిగిలేది అరవైనాలుగుతో నిశ్శేషంగా పోవాలి. 641లో ఒకటి తీస్తే 640, అంటే పది అరవైనాలుగులు. చతురంగపు గళ్ళ సంఖ్య, సంకలితపు కారణాంకాలలో ఇలా ముద్రపడి ఉంది.

పూర్తి విభజన ఇది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండుసార్లు రాదు. కాబట్టి ఏ వర్గసంఖ్యా (ఒకటి తప్ప) దీనిని భాగించదు. మొత్తం భాజకాలు 128. తనను మినహాయించి మిగిలిన భాజకాలన్నీ కలిపితే సంఖ్యలో సుమారు 70 శాతమే వస్తుంది, కనుక పరిపూర్ణసంఖ్యల కోవలోకి రాదు, లోపసంఖ్యల కోవలోనిది. రెండు ఘాతంలో ఒకటి తక్కువ కాబట్టి మెర్సెన్ రూపంలోనిదే, కాని ఘాతాంకం 64 ప్రధాన సంఖ్య కానందున మెర్సెన్ ప్రధానసంఖ్యల సరసన చేరే ప్రసక్తే లేదు. ఇంకొక వర్గీకరణ ఆసక్తికరం. రూళ్ళకర్రతో, వృత్తలేఖినితో గీయదగిన సమబహుభుజుల చర్చ గాస్ 1801నాటి గ్రంథంలో ఉంది. మొదటి అయిదు ముక్కల లబ్ధమైన 4294967295 భుజాల ఆకృతి సిద్ధాంతరీత్యా గీయదగినది. ఆ లబ్ధం చతురంగపు బల్లలో సరిగ్గా సగం, అంటే ముప్పైరెండు గళ్ళ సంకలితం. మొత్తం బల్ల సంకలితం మాత్రం గీయదగినది కాదు, 641 అడ్డుపడుతుంది.

ఈ ధర్మాలన్నీ పద్యపరిష్కర్తకు సమానంగా పనికివస్తాయా? రావు. ఒకట్ల అంకె అయిదు, అంకెల మొత్తం మూడుతో పోతుంది అన్నవి చేతిలోనే ఉన్న సాక్ష్యాలు. 641తో భాగహారం చేసి నిశ్శేషమని చూపడం గట్టి సాక్ష్యమే, కాని అది మల్లన కాలపు పాఠకుని దగ్గర ఉండేది కాదు. పింగళుని మెట్లలో ఫెర్మా సంఖ్యలు కనబడ్డాయి కనుక ఆయనకు అవి తెలుసనడం ఎంత అసంగతమో, మల్లనకు కారణాంకాలు తెలుసనడం అంతే అసంగతం. సంప్రదాయగౌరవం పేరుతో ఇటువంటి వాక్యాలు రాయడం మానుకుంటే మన శాస్త్రసాహిత్యానికే మేలు.

పాతకాలపు వర్గీకరణ వేరొకటి ఉంది, అది సంఖ్య ఆకారాన్ని బట్టి. మహావీరుడు గుణకార ఉదాహరణలలో కంఠాభరణాల వంటి లబ్ధాలను ఇష్టంగా కూర్చాడు. 27994681ని 441తో గుణిస్తే 12345654321 వస్తుంది: ఒకటి నుంచి ఆరు దాకా ఎక్కి మళ్ళీ దిగే హారం. 12345679ని 9తో గుణిస్తే తొమ్మిది ఒకట్ల హారం. చతురంగ సంకలితానికి దశస్థానపద్ధతిలో అటువంటి అందం ఏమీ లేదు. వరుసలో ఏ తీరూ కనబడని ఇరవై అంకెలు కావడం వల్లనే దానిని గుర్తుంచుకోవడానికి పద్యం కావలసివచ్చింది. అదే సంఖ్యను రెండింటి స్థానపద్ధతిలో రాస్తే అరవైనాలుగు ఒకట్లు వరుసగా నిలుస్తాయి, గడికి ఒకటి చొప్పున. నేటి కంప్యూటర్లు అరవైనాలుగు బిట్లలో రుణచిహ్నం లేకుండా దాచగలిగిన అతిపెద్ద పూర్ణసంఖ్య ఇదే కావడానికి కారణమూ అదే.

రెండింటి పద్ధతి ఛందశ్శాస్త్రానికి కొత్తది కాదు. లఘువు, గురువు అన్న రెండే స్థితులతో ప్రస్తారం నడుస్తుంది కనుక ఇరవైఒక్క అక్షరాల ప్రకృతి ఛందంలో వృత్తాలు 2097152. బల్లమీద ఇరవైరెండవ గడిలో పడే సంఖ్యే అది. ఆ ప్రస్తారంలో చంపకమాల 711600వ వృత్తమని లక్షణగ్రంథాలు చెబుతాయి. ఆ అంకె చేతికిస్తే వృత్తాన్ని తిరిగి రాబట్టడానికి నష్టప్రక్రియ ఉంది: సరి అయితే లఘువు రాసి సగం చేయాలి, బేసి అయితే గురువు రాసి ఒకటి కలిపి సగం చేయాలి. 711600 సరి, లఘువు. 355800 సరి, లఘువు. 177900, 88950 రెండూ సరి, మరి రెండు లఘువులు. 44475 బేసి, గురువు. ఒకటి కలిపి సగం చేస్తే 22238, లఘువు. 11119 బేసి, గురువు. ఇలా ఇరవైఒక్క మెట్లు దిగితే న జ భ జ జ జ ర గణాలు పొల్లుపోకుండా వస్తాయి. 'నగ'ను 'నాగ' చేసిన లేఖకుడు పద్దెనిమిదవ మెట్టు దగ్గర పట్టుబడేది ఈ సగాల లెక్కలోనే. అక్కడ చేతిలో ఉండే అంకె 6, సరి, లఘువు రాయాలి.